పుట్టినదినమున పాటకచేరికి వెళ్లవచ్చునా?



గత సంవత్సరము నవంబరు నెలలో ఒక ఆదివారమున ఆరాధన ముగిసి, అందరును వందనములు చెప్పి వెళ్లిపోయిన పిమ్మట, మా సంఘములోని యువకుడొకడు మందిరపు మెట్ల యొద్ద నిలిచియుండెను. అతడు విజయవాడలో ఒక దుకాణములో లెక్కలు వ్రాయు పని చేయుచు నెలకొకమారు ఊరికి వచ్చిపోవుచుండును. అతనికి తండ్రి లేడు. తల్లి నాట్లకును, కలుపులకును, కోతలకును కూలికి పోయి అతనిని బి.కాం. వరకు చదివించినది.

“అయ్యగారూ, మిమ్మల్ని ఒక మాట అడగాలండి. అమ్మకి పుట్టినరోజు చేద్దామనుకుంటున్నాను. డిసెంబరులో బెజవాడలో పాటకచేరీ ఉంది. అమ్మకి చిన్నప్పటినుంచీ ఇష్టమైన పాటలు పాడే ఆయన వస్తున్నారు. రెండు టిక్కెట్లు కొన్నాను. అమ్మేమో అయ్యగారు వెళ్లమంటేనే వస్తానంటోందండి” అని అతడు చెప్పెను.

“మీ అమ్మ పుట్టిన తేదీ ఎప్పుడు బాబూ?” అని అడిగితిని.

అతడు నవ్వి, “తెలియదండి. ఉప్పెన వచ్చిన ఏడు, కోతలప్పుడు పుట్టిందని అమ్మమ్మ చెప్పేది. ఆధార్ కార్డులో జనవరి ఒకటి అని ఉంది. అందుకని కచేరీ ఉన్న రోజునే పుట్టినరోజు చేసేశానండి” అనెను.

నాకును నవ్వు వచ్చినది. అయితే తలుపులు వేయుచున్న సంఘపెద్దగారు ఈ మాటలు విని నవ్వలేదు. “సినిమా పాటల కచేరీకి అయ్యగారి సెలవు కూడానా? హేరోదు పుట్టినరోజున ఏం జరిగిందో మరిచిపోయావా?” అని ఆయన అనగా, ఆ పిల్లవాడు తల వంచుకొనెను. వచ్చే ఆదివారము చెప్పెదనని నేను అతనిని పంపివేసితిని. ఆ వారమంతయు నేను ఆలోచించిన సంగతులను మీ యెదుట పెట్టుచున్నాను. ఇట్టి ప్రశ్న నేడో రేపో మీ ఇండ్లలోనికిని రాకమానదు.

మా చిన్నతనమున పల్లెలలో పుట్టినదినములు లేవు. బడిలో చేర్చునాడు ఉపాధ్యాయులవారు పిల్లవాని కుడిచేతిని తల మీదుగా ఎడమ చెవికి అందించుమనిరి. అందినయెడల అయిదేండ్లు నిండెనని యెంచి, తమకు తోచిన తేదీని వ్రాసికొనిరి. అట్లు జూన్ మాసములో వ్రాసిన తేదీయే నేటివరకు నా పుట్టినదినము. మా సంఘములోని వృద్ధుల కార్డులను ఒకచోట చేర్చి చూచినయెడల, చాలమంది జనవరి 1వ తేదీననే లోకములోనికి వచ్చినట్లుండును. తేదీలు లేకపోయినను గురుతులుండెను. గాలివాన వచ్చిన ఏడు, కాలువ తెగిన ఏడు, 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన. పదివేలమందికి పైగా ప్రాణములు కోల్పోయిన ఆ ఉప్పెనను బట్టి తన కూతురి వయస్సు లెక్కించిన ఆ ముసలి తల్లికి, బిడ్డ బ్రతికి బట్టకట్టుటయే పండుగయై యుండును.

ఇప్పుడు కాలము మారినది. నడిరాత్రి కేకు కోయుటయు, వీధి మొగను నిలువెత్తు ఫ్లెక్సీలు కట్టుటయు, మోటారు సైకిళ్ల మీద కేకలు వేయుచు తిరుగుటయు పల్లెలకును వచ్చినవి. కత్తితో కేకు కోసి పోలీసు ఠాణాకు పోయిన యువకులను గూర్చి పత్రికలలో చదువుచున్నాము. బిడ్డ మొదటి పుట్టినదినమునకు వడ్డీకి తెచ్చి ఊరంతటికి బిర్యానీ పెట్టి, ఆ బిడ్డ బడికి పోవు వయస్సు వచ్చినను ఆ అప్పు తీరని ఇండ్లను మీరును ఎరుగుదురు. కాబట్టి సంఘపెద్దగారి భయమును నేను తేలికగా త్రోసివేయజాలను.

లేఖనములలో పుట్టినదినపు విందులని స్పష్టముగా చెప్పబడినవి రెండే. ఒకటి ఆదికాండము 40వ అధ్యాయములోని ఫరో విందు. ఆనాడు పానదాయకుల అధిపతి తిరిగి కొలువునకు వచ్చెను, భక్ష్యకారుల అధిపతి వ్రేలాడదీయబడెను. రెండవది హేరోదు విందు. రెండింటను ఒక మనుష్యుని చావు ఉన్నది. 3వ శతాబ్దపు పండితుడైన ఓరిగెను లేవీయకాండముమీది ప్రసంగములో ఈ సంగతినే యెత్తి, పరిశుద్ధులెవరును తమ పుట్టినదినమున విందు చేసికొనినట్లు కనబడదనియు, యిర్మీయాయు యోబును ఆ దినమును శపించిరనియు చెప్పెను. నేను సెమినరీలో చదువుకొను కాలమున ఈ వాదము నాకెంతో బలమైనదిగా తోచినది. యౌవనమున ఇతరులకు కాదని చెప్పుట సులభముగా నుండును.

అయితే ఈ వారము మార్కు సువార్త 6వ అధ్యాయమును మరల నిదానముగా చదివితిని. హేరోదు తన ప్రధానులకును, సహస్రాధిపతులకును, గలిలయ దేశ ప్రముఖులకును విందు చేయించెను. హేరోదియ కుమార్తె నాట్యమాడెను. నాట్యమున్న చోట వాద్యములును ఉండియుండును. అతడు సంతోషించి, అర్ధరాజ్యము వరకు ఏమడిగినను ఇచ్చెదనని ఒట్టు పెట్టుకొనెను. తల అడిగినప్పుడు అతడు బహుగా దుఃఖపడెను. అది తప్పని అతనికి తెలియును. అయినను ఒట్టును బట్టియు, కూర్చుండియున్న అతిథులను బట్టియు కాదనలేకపోయెను. నలుగురిలో మాట పోవునని భయపడి యొక నీతిమంతుని చంపించెను. వడ్డీకి తెచ్చి విందు పెట్టు మన వారిని నడిపించునదియు ఆ భయమే కాదా?

మరియొక సంగతి. యోహాను చంపబడినది మృతసముద్రమునకు తూర్పున నున్న మకేరస్ అను కోటలో నని జోసీఫసు అను యూదా చరిత్రకారుడు వ్రాసెను. విందును అక్కడనే జరిగెనని అనేకులు తలంచుదురు. ఏలయనగా అడిగిన వెంటనే తల పళ్లెములో వచ్చెను. అట్లయినయెడల ఒకే కోటలో ఒకవైపున దీపములును వాద్యములును, మరియొకవైపున చీకటి కొట్టులో సంకెళ్లతో ఒక మనుష్యుడు. ఆ వాద్యము అతనికి వినబడియే యుండును. ఆమోసు ప్రవక్త తన 6వ అధ్యాయములో దంతపు మంచముల మీద పరుండి వీణల మీద పాటలు కల్పించుకొనువారిని గద్దించినప్పుడు, వారు యోసేపు సంతతి వారి పాటును చూచి చింతపడకపోవుటను కదా వారి మీద నేరముగా మోపెను! కాబట్టి విందును గూర్చి విచారించునప్పుడు నేను మొదట అడుగవలసినది, ఆ కోటలోని ఖైదీ యేమాయెను అని.

ఈ మాట తలంచుకొనుచుండగా, సంగీత చరిత్రలో చదివిన మరియొక కచేరి నాకు జ్ఞాపకము వచ్చినది. 1742 ఏప్రిల్ 13న ఐర్లాండు దేశములోని డబ్లిన్ పట్టణమున, ఫిషాంబుల్ వీధిలోని సంగీతశాలలో, హాండెల్ అను గొప్ప సంగీతకారుడు తాను కట్టిన ‘మెస్సీయ’ను మొదటిసారి ప్రజలకు వినిపించెను. అది ఆరాధన కాదు, టిక్కెట్టు కొనుక్కొని వినిన కచేరియే. ఎక్కువమందికి చోటు దొరుకుటకై స్త్రీలు తమ పావడాలలో పెట్టుకొను వలయములు లేకుండను, పురుషులు ఖడ్గములు లేకుండను రావలెనని ముందుగా ప్రకటించిరట. (మన పెండ్లి పందిళ్లలో ఇట్టి ప్రకటన యొకటి అవసరమని అప్పుడప్పుడు తోచును.) వచ్చిన సొమ్ములో ఒక భాగము అప్పు తీర్చలేక చెరలో నున్న ఖైదీల కొరకును, మిగిలినది బీద రోగుల ఆసుపత్రుల కొరకును ఇచ్చిరి. దానివలన 142 మంది ఖైదీలు విడుదల పొంది తమ ఇండ్లకు పోయిరి. అక్కడ కచేరి జరిగినందున చెరసాల తలుపు తెరువబడెను.

అయితే ఆ సంవత్సరము మొదటిలోనే, ఆ పట్టణమందలి పరిశుద్ధ పాట్రిక్ దేవాలయమునకు అధిపతియైన జొనాథన్ స్విఫ్టు, తన గాయకులెవరును ఆ వీధిలోని కచేరులకు పోరాదని మిక్కిలి కోపముతో ఆజ్ఞ వ్రాసియుండెను. ‘గలివరు ప్రయాణములు’ వ్రాసిన పెద్దమనిషి ఈయనయే. చివరకు ఆ గాయకులు పాడనే పాడిరి. చదువువారు స్విఫ్టు కోపమును చూచి నవ్వుకొందురు. నాకు నవ్వు రాలేదు. నేనును అట్టి ఆజ్ఞ యొకటి వ్రాసితిని.

ఇరువది సంవత్సరముల క్రితము వేరొక సంఘములో నేను సేవ చేయుచున్న దినములలో, డోలకు వాయించు పిల్లవాడొకడుండెను. అతడు వాయించుచుండగా ముసలివారికి సహితము కాలు కదలుచుండెను. ఒక శనివారము తన పుట్టినదినమని స్నేహితులతో కూడ పట్టణమునకు పోయి సినిమా పాటల కచేరి విని, రాత్రి బస్సు తప్పి, ఆదివారము ఆరాధనకు రాలేకపోయెను. కమిటీ కూడి, అతడు మూడు నెలలు డోలకు ముట్టరాదని తీర్మానించితిమి. తీర్మానము నా చేవ్రాతలోనే యున్నది. మూడు నెలలు గడచెను. నాలుగవ నెలలోను అతడు రాలేదు. ఆ తరువాతను రాలేదు. ఆ రాత్రి అక్కడ ఏమి వింటివి, నీకేమి తోచినది అని నేను అతనిని ఒక్కమాటయైనను అడిగియుండలేదు. ఆరాధన మానినది తప్పే. కాని మేము శిక్షించినది దానిని కాదు. కచేరి యను పేరును శిక్షించితిమి.

అయితే పాట మంచిదనుటతో ప్రశ్న తీరిపోదు. 1784లో లండను పట్టణమున హాండెల్ జ్ఞాపకార్థము గొప్ప కచేరులు జరిగినప్పుడు, ఒకప్పుడు బానిసల ఓడకు నాయకుడై యుండి పిమ్మట బోధకుడైన జాన్ న్యూటను తన సంఘమునకు ‘మెస్సీయ’లోని వాక్యముల మీదనే యేబది ప్రసంగములు చేసెను. జనులు రక్షణ వార్తను వినోదముగా విని, చప్పట్లు కొట్టి, మారుమనస్సు లేకుండ ఇంటికి పోవుచున్నారని ఆయన దుఃఖము. మరణశిక్ష పొందిన ఖైదీలు తమ మీది నేరపత్రికకే రాగము కట్టుకొని పాడుకొనుచు ఆనందించినట్లున్నదని ఆయన పోలిక చెప్పెను. న్యూటను స్వయముగా కీర్తనలు వ్రాసినవాడు, పాటకు శత్రువు కాడు. ఆయన మాట నన్ను తాకినది, కాని తాకినది మన మందిరములో. కచేరికి పోయినవాడు తాను పాట వినుటకు పోతినని ఎరిగియుండును. ఆరాధనలో కీబోర్డును మైకును చూచి మురిసిపోయి అదే భక్తి యనుకొనువారికి ఆ సంగతియు తెలియదు.

బుధవారము ప్రార్థనకూటమైన తరువాత సంఘపెద్దగారు మరల వచ్చి, “రాగాలు లోకానివి అయ్యగారూ” అనిరి. నేను ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమును తెరచి చూపితిని. అందులో కీర్తనల తలమీద రాగము పేరును, తాళము పేరును అచ్చువేయబడి యున్నవి. 1803లో జన్మించి 1890లో ప్రభువునొద్దకు వెళ్లిన పురుషోత్తమ చౌధరిగారు ఆ రాగములను పరలోకమునుండి తెచ్చుకొనలేదు. ఈ నేలమీద పాడుకొనుచున్న వాటినే తీసికొని ప్రభువుకు అర్పించిరి. సంఘపెద్దగారు కొంతసేపు పుస్తకము చూచి, “సరే గాని, మూడువేలు అయ్యగారూ! పది రోజుల కూలి. ఆ డబ్బు బీదలకు ఇవ్వకూడదా?” అనిరి.

ఈ మాట నన్ను రాత్రి నిద్రపోనియ్యలేదు. బేతనియలో అత్తరు పోసిన స్త్రీని గూర్చి ఇదే మాట పుట్టెను. అక్కడ ప్రభువు ఉండెను గనుక ఆ సంగతిని ప్రతి ఖర్చునకును సాకుగా చూపరాదు. అయితే ఆ బీదలు ఎవరు? ఇరువది యేండ్లు బురదలో నడుము వంచి, తన కొరకు ఒక మంచి చీరయైనను కొనుక్కొనక, పండుగనాడు ముందుగా కానుక వేయు ఈ విధవరాలు బీద కాదా? బీదలకిచ్చు సొమ్ము బియ్యముగాను దుప్పటిగాను మాత్రమే ఉండవలెననియు, వారికి సంతోషము అనవసరమనియు మనకెవరు చెప్పిరి? హేరోదు కోటలోని ఖైదీని గూర్చి అడుగవలెనంటిని గదా. ఈ సంగతిలో ఆ కొట్టులో ఉన్నది ఆమెయే. ఆమె కొడుకు ఒక్క రాత్రికి ఆ తలుపు తీయజూచుచున్నాడు.

పాట కావలెనన్న ఫోనులో ఉచితముగా వినవచ్చును గదా యని మీలో కొందరందురు. నిజమే. ఆమెయు గట్టుమీద పెట్టిన ఆసామి ట్రాన్సిస్టరులో ఆకాశవాణి పాటలు వినుచునే పెరిగినది. కాని యంత్రములోని పాట ఎన్నడును అలయదు, ఎవరి కొరకును ఆగదు. మనుష్యుడు పాడునప్పుడు అతని ఊపిరి ఖర్చగును. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యముగారు 2020 సెప్టెంబరు 25న మరణించిరి. ఆయన పాటలన్నియు ఉన్నవి, ఒక్కటియు పోలేదు. అయినను ఎప్పుడో ఒకనాడు ఎదుట కూర్చుండి వినవలెననుకొనిన వారికి ఆ దినము ఇక లేదు. సౌలు మనస్సు నెమ్మది పొందుటకు సేవకులు దావీదునే పిలుచుకొని వచ్చిరి. ఒక మనుష్యుడు ఎదుట కూర్చుండి మీటుచుండగా రాజు సేదదీరెను.

శుక్రవారము క్రిస్మసు ప్రసంగము కొరకు లూకా సువార్త 2వ అధ్యాయమును తెరచితిని. వారమంతయు వెదకినది నా యెదుటనే కనబడినట్లాయెను. ప్రభువు పుట్టిన తేదీ సువార్తలలో లేదు. డిసెంబరు 25 అను తేదీ రోములో 354వ సంవత్సరపు పంచాంగమొకదానిలో కనబడుచున్నది. తేదీ తెలియకపోయినను సంఘము ఒక దినమును ఏర్పరచుకొని పండుగ చేయుచున్నది. ఆ కూలివాని కొడుకు చేసినదియు ఇదియే గదా! ఆ పుట్టుకనాటి రాత్రి పరలోక సైన్యసమూహము పొలములో దిగి దేవుని స్తోత్రము చేసెను. (సెమినరీలో మా గురువుగారు, మూలభాషలో వారు స్తుతించుచు పలికిరని యున్నదే గాని పాడిరని లేదని మాకు చెప్పుచుండిరి. విద్యార్థులమైన మేమందరము ఒప్పుకొని, క్రిస్మసు రాత్రి పాటయనియే ప్రసంగించుచు వచ్చితిమి.) అది యాజకులకు వినిపించినది కాదు, రాజునకు వినిపించినది కాదు. రాత్రి కాపలా కాయు కూలివారు దానిని వినిరి. విని, పోయి శిశువును చూచి, తిరిగి తమ గొఱ్ఱెల యొద్దకే వచ్చిరి. మరునాడు వారి పని మారలేదు. అయినను వారు దేవుని మహిమపరచుచు తిరిగివచ్చిరని లూకా వ్రాసెను.

ఆదివారమున ఆ యువకుని పిలిచి రెండు ప్రశ్నలడిగితిని. “ఈ టిక్కెట్లకి అప్పు చేశావా?” లేదండి, కొత్త ఫోను కొనుక్కోవాలనుకొని దాచిన డబ్బండి, అనెను. “ఎవరికైనా ఇవ్వవలసినది ఇవ్వకుండా కొన్నావా?” లేదండి, అనెను. “అయితే మీ అమ్మను తీసికొని వెళ్లు. వెళ్లేముందు ఇంట్లో ఇద్దరూ మోకరించి, ఆమె బ్రతికినందుకు దేవునికి వందనాలు చెప్పండి” అని చెప్పితిని. యోబు తన కుమారుల విందులను ఆపలేదు. విందు దినములు పూర్తికాగానే తెల్లవారుజామున లేచి వారి నిమిత్తము బలి అర్పించుచుండెను. నేనును ఆ శనివారము రాత్రి వారిద్దరి కొరకు ప్రార్థించి పరుండితిని. సంఘపెద్దగారు ఇంకను సమ్మతించలేదు. ఆయన నామీద అలగలేదు, అంతే చాలునని యూరకుంటిని.

డోలకు వాయించిన ఆ పిల్లవాని సంగతియు చెప్పవలెను. అతని నంబరు సంపాదించి ఆ వారములోనే ఫోను చేసితిని. అతడిప్పుడు నలువది దాటి, వేరొక జిల్లాలో ఇద్దరు బిడ్డల తండ్రియై యున్నాడు. నేను చేసినది తప్పని ఒప్పుకొని క్షమింపుమంటిని. అతడు చాలసేపు మాటాడలేదు. “అవన్నీ ఎప్పటి సంగతులండి” అని ఫోను పెట్టివేసెను. మరల చేయవలెనో, అతనిని విడిచిపెట్టవలెనో నాకింకను తెలియదు.

ఆదివారము తెల్లవారుజామున మొదటి బస్సుకు తల్లీకొడుకులు వచ్చి, ఆరాధనకు మొదటి గంట కొట్టకముందే స్త్రీల వైపు ఆమె, పురుషుల వైపు అతడు కూర్చుండిరి. ఆమె కన్నులు నిద్రలేక ఎఱ్ఱనై యుండెను. ఆరాధన తరువాత నా భార్య ఆమెను కూర్చుండబెట్టి కాఫీ ఇచ్చి, “ఎలా ఉంది అమ్మా కచేరీ?” అని అడిగెను. ఆమె గ్లాసు చేతపట్టుకొని కొంచెము సిగ్గుపడి, “ఏం చెప్పనండి అమ్మగారూ! పాట మధ్యలో ఆయన ఆగి మంచినీళ్లు తాగారండి. అందరం అలా చూస్తూ కూర్చున్నాం. ఆయనకీ దాహమేస్తుందని నాకు ఇన్నాళ్లూ తెలియదండి” అనెను.